ఆరు బటన్ల పాత ఆఫీసు ఫోను ఇంటి లైనుకు కలపొచ్చా?

కోటజంక్షన్:
న్యూజెర్సీ నుంచి వచ్చిన మా తమ్ముడు ఒక పాత ఆఫీసు ఫోను పట్టుకొచ్చాడు. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 2564. నంబర్ల మీటలు, వాటి కింద వరసగా ఆరు బటన్లు, ఎర్రది హోల్డ్. వెనక బొటనవేలంత లావు కేబులు, దాని చివర 50 పిన్నుల కనెక్టరు. విజయనగరంలో మా ఇంట్లో ఉన్నది ఒక్కటే లైను, అదీ ఫైబర్ మోడెమ్ వెనక సాకెట్లోంచి వచ్చేది. రెండు వైర్లు కలిపేస్తే చాలా?

పాతలైన్‌మ్యాన్:
చాలదు బాబూ. ఆ ఫోను ఒంటరిగా బతికేది కాదు. గోడకు కీ సర్వీస్ యూనిట్ అని ఒక పెట్టె ఉండేది. బటన్లలో వెలిగే దీపాలకు 10 వోల్టుల ఏసీ, పెట్టె లోపలి రిలేలకు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులకు, 24 వోల్టుల డీసీ ఆ పెట్టే ఇచ్చేది. హోల్డ్ నొక్కితే లైను తెగకుండా పట్టుకునేదీ అదే. పెట్టె లేకపోతే హోల్డ్ నొక్కగానే కాల్ పోతుంది. బీరువా మీద పెట్టుకో, అందంగా ఉంటుంది.

బొబ్బిలిసోల్డర్:
ఎందుకండీ కుర్రాణ్ణి భయపెట్టడం! ఇంట్లో ఉన్నది ఒక్క లైను, దానికి హోల్డ్ ఏటి? 25 జతల వైర్లలో మొదటిది తెలుపు-నీలం జత. అదే ఒకటో లైను. ఆ రెండూ సాకెట్‌కి ఇవ్వు, ఎర్రది వదిలేసి మొదటి బటను నొక్కి రిసీవరు ఎత్తు, డయల్ టోన్ వస్తుంది. టోన్ వచ్చీ మీటలు పలకకపోతే రెండు వైర్లూ అటుదిటు చెయ్యి. ఆ కాలం మీటల ఫోన్లలో కొన్ని ప్లస్, మైనస్ తారుమారైతే నోరు మెదపవు.

పలాసజీడిపప్పు:
లైట్లు వెలుగుతాయా?

పాతలైన్‌మ్యాన్:
వెలగవు. ఎవరో చెప్పారని ఫోను లైనే దీపానికి ఇచ్చేరు, జాగ్రత్త. లైన్లో ఊరికే ఉన్నప్పుడు 48 వోల్టులు, గంట మోగేటప్పుడు 75 దాటుతుంది. బల్బు మాడిపోతుంది, తడి చేత్తో ముట్టుకుంటే నువ్వూ గెంతుతావు. మళ్లీ అడుగుతున్నా సోల్డర్ గారూ, హోల్డ్ సంగతేంటి?

బొబ్బిలిసోల్డర్:
ఒక స్విచ్చు, ఆరేడు వందల ఓమ్‌ల రెసిస్టరు ఒకటి లైనుకు అడ్డంగా పెడితే అదే హోల్డ్.

పాతలైన్‌మ్యాన్:
అది హోల్డ్ కాదు, అతుకు. తీయడం మర్చిపోతే లైను రోజంతా ఎంగేజ్.

నాగావళిగట్టు:
ఇన్ని పోస్టులు, అన్నీ హోల్డ్ మీదే. కానివ్వండి.

బొబ్బిలిసోల్డర్:
అతుకులంటే మీకు ఎందుకంత చిరాకో నాకు తెలుసు. మా నాన్న డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. కనెక్షన్ వచ్చాక రిపేరుకు ఎవరొచ్చినా టీ డబ్బులు. అమ్మకు ఆయాసం వచ్చిన రాత్రి ఫోను పని చేయలేదు. సైకిలు మీద ఎస్టీడీ బూత్‌కి వెళ్తే షట్టరు దించేసి ఉంది. ఆ రోజే స్క్రూడ్రైవరు కొనుక్కున్నాను. పెట్టె తెరవొద్దు, వైరు ముట్టొద్దు అని మీరంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

పాతలైన్‌మ్యాన్:
ఆ డబ్బులు నేను తీసుకోలేదు. తీసుకున్నవాళ్లు లేరని అననూ అనను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన మర్నాడు, కూలిన కొబ్బరిచెట్ల మీద నుంచి కేబుల్ డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్లాం. జనం ఫోను కోసం కాదు, మంచినీళ్ల కోసం ఏడుస్తున్నారు. అయినా లైను వేశాం. ఇప్పుడు అందరికీ సెల్లు. లైను అంటే ఆటవస్తువు. నా బాధ హోల్డ్ గురించి కాదయ్యా.

బొబ్బిలిసోల్డర్:
నాదీ కాదు.

కోటజంక్షన్:
పెద్దలిద్దరికీ ఒక మాట. మొదట్లోనే చెప్పాల్సింది. ఇది నాకోసం కాదు. మా నాన్న జూట్ మిల్లు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తా. మేనేజరు గారి బల్ల మీద బటన్ల ఫోను ఉండేదట. దుమ్ము తుడవాల్సింది ఈయనే, నొక్కడానికి మాత్రం లేదు. తమ్ముడు అందుకే తెచ్చాడు. బీరువా మీద పెడితే ఆయనకు మళ్లీ దుమ్ము తుడిచే పనే.

పాతలైన్‌మ్యాన్:
ముందే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. తెలుపు-నీలమే మొదటి జత. కనెక్టరు మాత్రం కొయ్యకు. మూత తీసి లోపలి స్క్రూల దగ్గర కలుపుకో, రేపు ఆ పెట్టె దొరికితే ఫోను చెడదు.

బొబ్బిలిసోల్డర్:
కొయ్యమని నేనూ అనలేదు.

కోటజంక్షన్:
కలిపాను. టోన్ వచ్చింది, మీటలు పలకలేదు, వైర్లు తిప్పితే పలికాయి. నాన్న రాజాంలో ఉన్న అక్కకు చేశారు. రెండు నిమిషాలు మాట్లాడాక "ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా" అని గంభీరంగా ఎర్ర బటను నొక్కారు. కాల్ పోయింది. అక్క మళ్లీ చేసిందట, ఇక్కడ గంట మోగలేదు. చివరికి నా సెల్లుకు చేసి "నాన్నకేమైంది" అని ఒకటే టెన్షన్. నాన్న మాత్రం "హోల్డ్‌లో పెట్టాను, ఉండమను" అంటున్నారు.

పాతలైన్‌మ్యాన్:
ఆఫీసు ఫోన్లలో గంటకు వేరే జత. దాన్ని తెచ్చి ఒకటో లైనుకు కలపాలి. మధ్యలో కెపాసిటరు ఉందో లేదో చూడు. లేకుండా కలిపితే రిసీవరు ఎత్తే ఉందనుకుని ఎవరు చేసినా ఎంగేజ్ వస్తుంది. లోపలి ఫొటో పెట్టు.

బొబ్బిలిసోల్డర్:
గంట సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. హోల్డ్‌కి రెసిస్టరు కొరియర్ చేయనా?

పాతలైన్‌మ్యాన్:
చెయ్యండి. స్విచ్చు మీద "తీయడం మరవొద్దు" అని రాసి చెయ్యండి.

పలాసజీడిపప్పు:
ఇంతకీ లైట్లు వెలిగాయా?