ఏకేశ్వర విశ్వాసాల్లో దేన్ని ప్రపంచ మతం అనాలి?

ప్రశ్న (గోదావరి గట్టు):

డిగ్రీ విద్యార్థులకు మతాల చరిత్ర బోధిస్తున్నాను. ఏకేశ్వర మతాలనగానే పుస్తకాలన్నీ యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల పేర్లు చెబుతాయి. కొన్ని సిక్కు మతాన్ని కూడా చేరుస్తాయి. పార్సీలు పాటించే జరతుష్ట్ర మతానికి, 19వ శతాబ్దంలో ఇరాన్‌లో పుట్టిన బహాయి మతానికి మాత్రం ఒక్కో పుస్తకంలో ఒక్కో స్థానం. యూదులు ప్రపంచమంతటా కలిపి సుమారు కోటిన్నర మంది ఉంటే, సిక్కులు 2011 జనగణన ప్రకారం మన దేశంలోనే 2 కోట్ల 8 లక్షల మంది ఉన్నారు. కాబట్టి సంఖ్యను బట్టి ఈ వరుస వచ్చిందనుకోలేము. ప్రాచీనతను బట్టి అనుకుందామంటే జరతుష్ట్రుణ్ణి పక్కన పెట్టే వీలే లేదు. బహాయి అసలు వేరే మతమా, ఇస్లాంలో ఒక శాఖా అని ఒక విద్యార్థిని సూటిగా అడిగింది. ఆ అమ్మాయికి ఆధారంతో కూడిన సమాధానం చెప్పాలని నా కోరిక. దేన్ని చూసి తేల్చాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (పాత అలమర):

ముందుగా ఆ విద్యార్థిని అడిగినదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే ఒక విశ్వాసం స్వతంత్ర మతమా కాదా అన్నది తేలిన తరువాతే అది ప్రపంచ మతమా అన్న చర్చకు అర్థం ఉంటుంది. ఈజిప్టులోని ఒక పల్లెలో బహాయిలుగా మారిన కొందరి భార్యలు ముస్లింలు కావడంతో, ఆ పెళ్ళిళ్ళు చెల్లుతాయా అన్న వివాదం షరియత్ కోర్టుకెక్కింది. 1925లో బెబా పట్టణంలోని అప్పీలు కోర్టు ఆ పెళ్ళిళ్ళను రద్దు చేసింది. బహాయిలకు తమవైన సిద్ధాంతాలు, తమదైన ధర్మశాస్త్రం ఉన్నాయి కనుక బౌద్ధుణ్ణి గానీ క్రైస్తవుణ్ణి గానీ ముస్లిం అనలేనట్టే బహాయిని కూడా అనలేమన్నది ఆ తీర్పు సారాంశం. ఆ ఇళ్ళలో కాపురాలు కూలిపోయాయి, అది మరచిపోకూడని సంగతి. అయినా ఆ తీర్పునే బహాయిలు తమ మత స్వతంత్రతకు సాక్ష్యంగా లోకానికి చూపారు. వారి ధర్మగ్రంథం ‘కితాబ్-ఇ-అఖ్దస్’ 1873 ప్రాంతంలో వెలువడింది. పందొమ్మిదేసి రోజుల నెలలు పందొమ్మిది ఉండే పంచాంగం, తమదైన ఉపవాస కాలం, వారసత్వ నియమాలు వారికి ఉన్నాయి. ఇస్లాం నేల మీద మొలిచినా ఇన్ని విధాలుగా వేరుపడిన దాన్ని శాఖ అనడం సరికాదు. యూదుల మధ్య పుట్టిన క్రైస్తవాన్ని ఇవాళ ఎవరూ యూదు శాఖ అనరు కదా.

ఇక ప్రపంచ మతం సంగతి. నా దృష్టిలో దీనికి తలల లెక్క పనికిరాదు. ఎక్కడో పుట్టి, వేరే భాష మాట్లాడే మనిషి వచ్చి చేరితే, పుట్టుకతో వచ్చినవారితో సమానంగా నిలబడగలడా అన్నదే అసలు పరీక్ష. సికింద్రాబాద్ మహాత్మా గాంధీ రోడ్డులోని పార్సీల అగ్ని ఆలయంలోకి పార్సీలు కానివారికి ప్రవేశం లేదు. ఇది అక్కడివారి మొండితనం కాదు, వందల ఏళ్ళుగా తమను తాము కాపాడుకున్న పద్ధతి. పార్సీ కుటుంబంలోకి కోడలిగా వచ్చి మతదీక్ష పొందిన ఒక ఫ్రెంచి మహిళ విషయంలో 1908లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. జరతుష్ట్ర మతం పరాయివారిని చేర్చుకోవడాన్ని అంగీకరిస్తుందని ఒప్పుకుంటూనే, భారతదేశపు పార్సీ సమాజంలో ఆ వాడుక లేదని తేల్చింది. అంటే సిద్ధాంతంలో విశ్వవ్యాప్తమైన మతం ఆచరణలో ఒక వంశపు మతంగా నిలిచిపోయింది. దీనికి భిన్నంగా, ఢిల్లీలో 1986లో తెరిచిన బహాయి కమల మందిరానికి తొమ్మిది ద్వారాలు. ఎవరైనా లోపలికి వెళ్ళి మౌనంగా కూర్చోవచ్చు. 1963లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో తమ అత్యున్నత సభను ఎన్నుకునే నాటికి వారికి 56 జాతీయ సభలు ఏర్పడ్డాయి. ఆ జాతీయ సభల సభ్యుల్లో పూర్వీకులు ఇరాన్ వారు కానివారు ఎందరో ఉన్నారు. మన జనగణనలో వారు కొన్ని వేలమందే కనిపించినా, ఈ పరీక్షలో బహాయి మతం నెగ్గుతుంది.

జవాబు (తెనాలి చదువరి):

పాత అలమర గారూ, మీ పరీక్షను యథాతథంగా పెడితే యూదు మతం దాదాపుగా బయటికి పోతుంది. అందులో చేరడం సాధ్యమే గాని, అది ఎదురెళ్ళి పిలిచే మతం కాదు. తల్లిని బట్టి యూదుడవడమే సంప్రదాయం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ప్రపంచ మతాలను అధ్యయనం చేసినప్పుడు కన్ఫ్యూషియన్, హిందూ, బౌద్ధ, క్రైస్తవ, ఇస్లాం మతాలను అధిక సంఖ్యాకులను కూడగట్టుకున్నవిగా తీసుకున్నారు. యూదు మతాన్ని ఆరవదిగా చేర్చడానికి ఆయన చూపిన కారణాలు వేరు: క్రైస్తవ, ఇస్లాం మతాలను అర్థం చేసుకోవడానికి అది మూలం కావడం ఒకటి, పాశ్చాత్య ఆర్థిక నీతి వికాసంలో దానికున్న ప్రాధాన్యం మరొకటి. అందుచేత మతం ఎంత విస్తరించిందన్నదే కాకుండా, లోకం మీద ఎంత ముద్ర వేసిందన్నది కూడా చూడాలి. అలా చూస్తే జరతుష్ట్ర మతానికి కూడా న్యాయం జరగాలి, ఎందుకంటే ఇరాన్‌ను ఏలిన ససానియన్ల కాలంలో, అంటే 3 నుంచి 7వ శతాబ్దం దాకా, అది ఒక మహాసామ్రాజ్యపు రాజమతం.

ప్రభుత్వ గుర్తింపును మాత్రం ఎవరూ కొలబద్దగా తీసుకోవద్దు. ఇరాన్ రాజ్యాంగం 13వ అధికరణం జరతుష్ట్ర, యూదు, క్రైస్తవ మతాలవారినే అల్పసంఖ్యాకులుగా గుర్తిస్తుంది. అదే దేశంలో పుట్టిన బహాయిలకు అందులో చోటు లేదు.

జవాబు (కాకినాడ రేవు):

ద్వారం తెరిచి ఉంటే చాలదనడానికి మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. రామమోహన రాయ్ 1828లో స్థాపించిన బ్రహ్మసమాజం నిఖార్సైన ఏకేశ్వరవాదం. 1830 నాటి ధర్మకర్తృత్వ పత్రంలోనే ఆ మందిరం ఏ భేదమూ లేకుండా అందరికీ అని, అందులో విగ్రహాలు ఉండకూడదని రాసుకున్నారు. కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటివారు దాన్ని తెలుగునాట నిలబెట్టారు. వారికి మా ఊరు ఎంతో రుణపడి ఉంది. 1872 వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకునేవారు తాము హిందువులం కామని, మరి కొన్ని మతాలకు చెందినవారమూ కామని ప్రకటించవలసి వచ్చేది. వేరుపడే అవకాశం అలా చట్టరూపంలోనే వచ్చినా, అనుయాయుల్లో ఎక్కువమంది పిల్లలు హిందూ సమాజంలోనే ఉండిపోయారు. పెళ్ళికీ చావుకూ తమవైన విధులను తరతరాలకూ అప్పగించగల సంఘం విస్తారంగా ఏర్పడకపోతే, ఎంత విశాలమైన సిద్ధాంతమైనా మతంగా దేశాలు దాటలేదని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారి మాట (గోదావరి గట్టు):

అందరికీ కృతజ్ఞతలు. సిక్కు మతం సంగతి ఎవరూ ఎత్తలేదు. అది పంజాబీల మతమే కదా అని తరగతిలో తప్పకుండా అడుగుతారు.

జవాబు (పాత అలమర):

అడిగితే రెండు విషయాలు చెప్పండి. గురు గ్రంథ సాహిబ్‌లో గురువుల వాణితో పాటు మరాఠీ భక్తుడు నామదేవ్, కాశీ కబీరు, సూఫీ షేక్ ఫరీద్‌ల పదాలు కూడా ఉన్నాయి. గ్రంథమే పంజాబును దాటి ఉంది. రెండవది, 1699లో గురు గోవింద్ సింగ్ సిక్కుల దీక్షాసంఘమైన ఖాల్సాను స్థాపించినప్పుడు, తల ఇచ్చేదెవరని ఆయన అడిగితే లేచిన ఐదుగురిలో ఒకరు లాహోరు వాసి, ఒకరు హస్తినాపురం, ఒకరు ద్వారక, ఒకరు పూరీ అని సంప్రదాయం చెబుతుంది. ఐదవవారు సాహిబ్ సింగ్, మన పక్కనే ఉన్న బీదరు నుంచి వెళ్ళిన మంగలి.