ట్రాక్ నుంచి వచ్చాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది: డిస్కు నిజంగా వంగిందా?

ఎర్రగీత (హైదరాబాద్):
గత నెల మా స్పోర్ట్స్ కారును హైదరాబాద్ నుంచి నడుపుకుంటూ వెళ్లి, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఒక రోజంతా నడిపాను. కారు బరువు దాదాపు 1,500 కిలోలు. ముందు డిస్కులు రంధ్రాలు వేసిన పోత ఇనుపవి, వాటిని రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు కారుతో వచ్చినవే. మూడో సెషన్ చివర్లో పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోవడంతో నేరుగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేశాను. మరునాడు తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటాక, వంద వేగంలో బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణకడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో చక్రం ఊడదీసి, కంటితో చూసి, డిస్కులు వేడికి వంగిపోయాయని, రెండూ మార్చాలని, ట్రాక్ మీద నడిపారు కనుక వారంటీ వర్తించదని చెప్పారు. వారంటీ సంగతి నేను వాదించడం లేదు. అరిగే భాగాలకు, అందులోనూ ట్రాక్ వాడకానికి, వారంటీ ఆశించడం న్యాయం కాదని నాకూ తెలుసు. నా ప్రశ్న ఒక్కటే: ఒక్క రోజులో ఇనుప డిస్కు నిజంగా వంగుతుందా, లేక లేత్ మీద చెక్కిస్తే సరిపోయేదానికి కొత్తవి కొనమంటున్నారా?

మిషిగన్ తెలుగువాడు:
నేను ఇక్కడ బ్రేకుల పరీక్షా విభాగంలో పనిచేస్తున్నాను. ‘డిస్కు వంగింది’ అనే మాటను గ్యారేజీల్లో ఎంత తేలికగా అంటారో, కొలిచి చూసినప్పుడు అది అంత అరుదుగా నిజమవుతుంది.

ముందు వేడి లెక్క చూడండి. 1,500 కిలోల కారు 180 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి తగ్గాలంటే దాదాపు 15 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడుతుందనుకుంటే, తొమ్మిది కిలోల డిస్కు ఒక్కొక్కటి ఆ ఒక్కసారికే సుమారు 125 డిగ్రీలు వేడెక్కుతుంది. గాలి నిరోధం కొంత భారం తీసుకుంటుంది కనుక అసలు సంఖ్య కాస్త తక్కువే ఉండవచ్చు. కానీ 3.7 కిలోమీటర్ల ల్యాపులో డిస్కు చల్లారే లోపే మళ్లీ మళ్లీ బ్రేకు పడుతుంది. అలా పది ల్యాపులు తిరిగితే, రోడ్డు కోసం తయారైన ప్యాడ్ తన హద్దు దాటుతుంది. అందులోని బంధక పదార్థాలు కాలి, ప్యాడ్ మెత్తబడి, దాని పొర డిస్కు మీద ఒకచోట మందంగా, మరోచోట పలుచగా అంటుకుంటుంది. చుట్టూ మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా చాలు, చేతికి వణుకు తెలుస్తుంది. మన తల వెంట్రుక మందం అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అందుకే కంటితో చూసి ‘వంగింది’ అని చెప్పడాన్ని నేను ఒప్పుకోలేను.

ఒక్క విషయం చెప్పండి: పెడల్ మెత్తబడి పిట్‌లోకి వచ్చినప్పుడు, కారు ఆగాక కూడా బ్రేకు మీద కాలు నొక్కి ఉంచారా?

ఎర్రగీత:
ఉంచాను. పిట్ నేల కొంచెం వాలుగా ఉంది. బహుశా రెండు నిమిషాలు అలాగే ఉన్నాను.

పాత గ్యారేజీ (విజయవాడ):
ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మిషిగన్ వారి లెక్కను కాదనను, కానీ లెక్క ఒక్కటే కారును బాగుచేయదు. ఇలాంటి డిస్కులను నేను ఎన్నో చెక్కించాను. చెక్కిన రోజు కారు వెన్నలా ఆగుతుంది, యజమాని సంతోషంగా వెళతాడు. రెండు మూడు వేల కిలోమీటర్లు తిరగకముందే అదే వణుకుతో మళ్లీ నా గుమ్మంలో నిలబడతాడు. కేవలం పైన అంటుకున్న పొర అయితే, చెక్కేశాక తిరిగి ఎందుకు రావాలి? ఇనుములోనే ఏదో మార్పు వచ్చిందని నా అనుభవం. దాన్ని వంగడం అనండి, మరొకటి అనండి, యజమాని జేబులోంచి రెండుసార్లు డబ్బు పోవడం మాత్రం అన్యాయం. పైగా ఈ డిస్కులకు రంధ్రాలు ఉన్నాయి. చెక్కే ముందు ఆ రంధ్రాల దగ్గర పగుళ్లు చూశారా అని ఎవరూ అడగలేదు.

చివరి మలుపు (కోయంబత్తూరు):
నేను కరి మోటార్ స్పీడ్‌వేలో తరచుగా నడుపుతాను. డిస్కు చర్చలో పడి అందరూ పెడల్‌ను మరిచిపోయారు. పెడల్ దిగిపోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మన తీర ప్రాంతాల గాలిలో రెండేళ్లు మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కు వెళ్లడం ప్రాణంతో పందెం కాయడమే. మరిగిన ఆయిల్‌తోనే, గాలి తీయించకుండా, మీరు 600 కిలోమీటర్లకు పైగా హైవే మీద తిరిగి వచ్చారని చదివి నాకు భయం వేసింది. దయచేసి డిస్కుల సంగతి తేలే లోపు ఆయిల్ మార్పించండి.

ఇంకొకటి, స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆన్‌లో ఉంచి నడిపితే, కారు జారినప్పుడల్లా అది ఒక్కొక్క చక్రానికి తనంతట తానే బ్రేకు వేస్తుంది. మీరు పెడల్ ముట్టని చోట కూడా డిస్కు వేడెక్కుతూనే ఉంటుంది. ఆపేయమని నేను చెప్పడం లేదు, కొత్తవారు అస్సలు ఆపకూడదు. కానీ సెషన్లు చిన్నవి చేసుకొని, చివరి ల్యాపు బ్రేకు దాదాపు వాడకుండా నడిపి, ఆగాక కాలు తీసేసి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టుకోవాలి.

మిషిగన్ తెలుగువాడు:
పాత గ్యారేజీ గారి ప్రశ్న సరైనది, నా మొదటి జవాబులో ఆ లోటు ఉంది. మందంగా పొర అంటుకున్న చోట రాపిడి ఎక్కువై, అక్కడే మరింత వేడి పుడుతుంది. ఆ మచ్చ దగ్గర ఇనుము దాదాపు 700 డిగ్రీలు దాటి చల్లారితే, కొంత భాగం సెమెంటైట్ అనే గట్టి కార్బైడ్‌గా మారుతుంది. అది చుట్టూ ఉన్న ఇనుము కంటే నెమ్మదిగా అరుగుతుంది, పైగా లోపలికి కూడా దిగి ఉంటుంది. లేత్ పైపొరను సమం చేస్తుంది గానీ, అడుగున మిగిలిన గట్టి మచ్చ కొన్నాళ్లకు మళ్లీ గుట్టలా పైకి తేలుతుంది. మీ గుమ్మానికి తిరిగి వచ్చిన కార్ల కథ ఇదే అయి ఉంటుంది. అంటే ఇనుములో మార్పు వచ్చిందన్న మీ మాట నిజం, వంగిందన్నది మాత్రం కాదు.

డిస్కు వంగనే వంగదని కూడా నేను అనను. బాగా వేడెక్కినప్పుడు ప్యాడ్ పట్టే వలయం వ్యాకోచిస్తుంది, మధ్యలో హబ్‌కు (చక్రం బిగించే భాగానికి) బిగించిన టోపీ భాగం అంతగా వేడెక్కదు కనుక, డిస్కు కొద్దిగా గొడుగు ఆకారానికి వస్తుంది. చల్లారితే దాదాపు యథాస్థితికి చేరుతుంది. ఖరీదైన కార్లలో ఇనుప వలయాన్ని అల్యూమినియం టోపీకి వదులుగా బిగించేది ఇందుకే.

పొర లేతదైతే, అంటే మచ్చ నీలం రంగుకు తిరగకపోతే, చెక్కించకుండానే గరుకు ప్యాడ్లు వేసి, ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20 దాకా పూర్తిగా ఆపకుండా పదిసార్లు తగ్గించి, తరువాత బ్రేకు ముట్టకుండా చల్లార్చితే చాలాసార్లు పోతుంది. ఎర్రగీత గారూ, డిస్కు విప్పించి మైక్రోమీటర్‌తో ఎనిమిది చోట్ల మందం, హబ్ మీద డయల్ గేజ్‌తో ఊగు, అంటే తిరిగేటప్పుడు డిస్కు పక్కకు ఎంత ఊగుతోందో, కొలిపించండి.

పాత గ్యారేజీ:
కొలిచేటప్పుడు హబ్ ముఖం మీద తుప్పు గీకించడం మరవకండి. అక్కడ రేణువంత తుప్పు ఉన్నా డయల్ గేజ్ అబద్ధం చెబుతుంది. లోపలి ముఖం కూడా చూడండి. చక్రం తీసినప్పుడు కనిపించేది బయటి ముఖమే, పగుళ్లు చాలాసార్లు వెనక వైపు ఉంటాయి.

ఎర్రగీత:
కొలిపించాను, ఆయిల్ కూడా మార్పించాను. ఎడమ డిస్కు మందం 27.42 నుంచి 27.45 మిల్లీమీటర్ల దాకా ఉంది, అంటే 0.03 తేడా. అంచు మీద పోసిన కనీస మందం 26, కనుక అరుగుదల పెద్దగా లేదు. ఊగు 0.04. కుడి డిస్కులో తేడా 0.01 మాత్రమే. ఎడమ దాని బయటి ముఖం మీద ప్యాడ్ ఆకారంలోనే, అచ్చు గుద్దినట్టు, నీలం మచ్చ ఉంది. పిట్‌లో కాలు నొక్కి ఉంచినప్పుడు వేడి ప్యాడ్ అంటుకున్న చోటు అదే అయి ఉంటుంది. వంగలేదని దీనితో తేలినట్టే.

అయితే లోపలి ముఖాన రెండు రంధ్రాలను కలుపుతూ ఒక పగులు కనిపించింది, గోరు పెట్టి గీస్తే తగులుతోంది. విడివిడిగా ఉన్న సన్నని వేడి గీతలు మరో పది దాకా ఉన్నాయి.

పాత గ్యారేజీ:
విడి గీతలతో రోడ్డు మీద తిరగవచ్చు. రంధ్రం నుంచి రంధ్రానికి గాని, అంచు దాకా గాని పాకిన పగులు ఉంటే ఆ డిస్కును ఎవరైనా చెక్కుతామన్నా ఇవ్వకండి. రెండు పక్కలా మార్చండి, ఈసారి రంధ్రాలు లేనివి వేయండి.

మిషిగన్ తెలుగువాడు:
ఇందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. రంధ్రాల వల్ల తడిలో మొదటి పట్టు మెరుగవుతుంది, బరువు కాస్త తగ్గుతుంది. ట్రాక్ వేడిలో మాత్రం ప్రతి రంధ్రమూ పగులుకు పుట్టిల్లే. రంధ్రాలు లేకుండా ముఖం మీద గాడులు మాత్రమే ఉన్న డిస్కు లేదా సాదా డిస్కు తీసుకొని, ట్రాక్‌కు వేరే ప్యాడ్లు పెట్టుకోండి. లోపలి గాలి పలకలు వంపు తిరిగి ఉంటే ఎడమదీ కుడిదీ వేర్వేరుగా వస్తాయి, బిగించే ముందు చూసుకోండి.

ఎర్రగీత:
సాదా డిస్కులకే ఆర్డర్ పెట్టాను. సర్వీస్ సెంటర్ వారు మార్చాలన్నదే చివరికి జరిగింది. కానీ వారు ఆ పగులును చూసి చెప్పలేదు, లోపలి ముఖం చూడనే లేదు. అదే నన్ను బాధిస్తోంది. పగులుతో ఉన్న ఎడమ డిస్కును షెడ్డులో దాచాను. వచ్చే ట్రాక్ రోజుకు దాన్ని వెంట తీసుకువెళ్లి, కొత్తగా వచ్చేవారికి లోపలి ముఖం చూపిస్తాను.