అమెరికాలో మామూలు జనం ఎలా బతికారో చూపించే చోట్లు చెప్పండి

గోదావరి_పిల్ల (న్యూజెర్సీ):
అమ్మానాన్న వేసవికి వస్తున్నారు. పోయినసారి వాషింగ్టన్ అంతా తిప్పాం. అమ్మ మాత్రం "ఇవన్నీ అధ్యక్షుల సంగతులు. మనలాంటివాళ్లు అప్పట్లో ఎక్కడ పడుకున్నారు, ఏం పని చేశారు?" అని అడుగుతూనే ఉంది. అలాంటివి మీరు చూసి ఉంటే చెప్పండి.

సిరిసిల్ల_శీను:
బోస్టన్ దగ్గర లోవెల్‌కి తీసుకెళ్లండి. బూట్ కాటన్ మిల్స్ మ్యూజియంలో పాత మరమగ్గాలు నడిపి చూపిస్తారు. నేను సాంచెల (మా దగ్గర మరమగ్గాలను అలాగే అంటారు) చప్పుడు మధ్యే పెరిగాను, అయినా ఆ హాల్లో చెవులు దిబ్బడేశాయి. 1830ల్లో అక్కడ పనిచేసింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన రైతుల ఆడపిల్లలు. రోజుకు 12 గంటల పైనే పని. లేవడానికీ తినడానికీ గంట మోగాల్సిందే. రాత్రికి కంపెనీ బోర్డింగ్ ఇంట్లో మంచానికి ఇద్దరు. 1834లో కూలి తగ్గిస్తామంటే సమ్మె చేశారు, 1836లో బోర్డింగ్ ఖర్చు పెంచితే మళ్లీ చేశారు. తర్వాత సారా బాగ్లీ లాంటి మిల్లు కార్మికులు పది గంటల పని కోసం సంతకాలు సేకరించి శాసనసభకు పంపారు. మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకు ఆ చట్టం 1874లో గానీ రాలేదు. వాళ్ల తెగువ చూస్తే చాలా గౌరవం కలిగింది నాకు.

లక్ష్మి_హ్యూస్టన్:
శీను గారూ, ఆ మిల్లులకు వచ్చిన పత్తి దక్షిణాదిలో బానిసలు ఏరింది. అది కూడా చూడకపోతే కథ సగమే. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ ఉంది, 2014లో తెరిచారు. దొరల బంగళా కంటే బానిసల బతుకులకే అక్కడ ప్రాధాన్యం. గోడల మీద వాళ్ల పేర్లు చెక్కారు. నేను చదువుతూ చాలాసేపు కదలలేకపోయాను.

సిరిసిల్ల_శీను:
నిజం అక్కా. ఆ మాట నేనే రాయాల్సింది.

రవి_క్వీన్స్:
మీకు దగ్గర్లోనే మ్యాన్‌హాటన్‌లో టెనెమెంట్ మ్యూజియం ఉంది కదా, 97 ఆర్చర్డ్ స్ట్రీట్. 1863లో కట్టిన అద్దె వాటాలు. ఒక్కోటి మూడు గదులు, మొత్తం 325 చదరపు అడుగులు. మొదట్లో నీళ్లు పెరట్లోంచి మోసుకోవాలి, మరుగుదొడ్లూ అక్కడే. లెవిన్ అనే కుటుంబం అలాంటి వాటాలోనే బట్టలు కుట్టే పని నడిపింది. మిషన్లు, ఇస్త్రీ, వంట, పసిపిల్లలు అన్నీ అందులోనే. 1935లో కాపురాలు ఖాళీ చేయించి మూసేశారు, అందుకే గోడ కాగితాలు పొరలు పొరలుగా మిగిలాయి.

గోదావరి_పిల్ల:
అమ్మకి ఇదే నచ్చుతుంది. మోకాళ్ల నొప్పి ఉంది, పర్వాలేదా?

రవి_క్వీన్స్:
పాత బిల్డింగ్, మెట్లు ఎక్కక తప్పదు. గైడ్‌తోనే లోపలికి పంపుతారు, కాబట్టి టికెట్ ముందే బుక్ చేసుకోండి. మెట్లు లేని టూర్ ఏదైనా ఉందేమో అప్పుడే అడగండి.

ఆస్టిన్_అన్నయ్య:
టెక్సస్ వైపు వస్తే స్టోన్‌వాల్‌లో సావర్-బెక్‌మన్ ఫామ్ చూపించండి. 1918 నాటి రైతు ఇల్లు. సిబ్బంది ఆనాటి బట్టల్లో కట్టెల పొయ్యి మీద వండుతారు, పాలు పితుకుతారు, సబ్బు కూడా చేస్తారు. మా నాన్న అక్కడి నుంచి కదలనంటే కదలనన్నారు.