ఊపిరిలో రేడియం జాడ: తొలి పరీక్షల గురించి ఒక సందేహం

ప్రశ్న (భౌతికశాస్త్ర విద్యార్థిని):
అమెరికాలో 1917 నుండి గడియారపు డయల్స్ మీద రేడియం రంగుతో అంకెలు దిద్దిన యువతుల గురించి చదువుతున్నాను. కుంచె మొన సూదిలా నిలవడానికి వారు దానిని పెదవుల మధ్య పెట్టి తిప్పేవారనీ, ఆ విధంగా ప్రతిరోజూ కొద్దికొద్దిగా రేడియం మింగేవారనీ తెలిసి మనసు కలత చెందింది. న్యూజెర్సీలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1925లో, బ్రతికి ఉన్నవారి శరీరంలోనే రేడియాన్ని గుర్తించారని చదివాను. రేడియం వెలువరించే ఆల్ఫా కణాలు చర్మాన్ని సైతం దాటలేవు కదా, మరి ఎముకలో దాగినదాన్ని ఎలా కనిపెట్టారు? రక్తపరీక్ష సరిపోయేది కాదా?

జవాబు 1:
మీ ఆలోచన సరైనదే, ఆల్ఫా కణం ఎముక నుండి బయటికి రాదు. అయితే రేడియం క్షయమైనప్పుడు పుట్టే రాడాన్ ఒక జడవాయువు. అది దేనితోనూ కలవకుండా రక్తంలో కరిగి, ఊపిరితిత్తులకు చేరి, నిశ్వాసంతో వెలుపలికి వస్తుంది. దాని అర్ధాయువు (సగం నశించడానికి పట్టే కాలం) సుమారు 3.8 రోజులు కాబట్టి, పూర్తిగా నశించేలోగా చాలా భాగం బయటపడుతుంది. శరీరంలోనే మిగిలిపోయిన రాడాన్ నుండి పుట్టే మూలకాలు గామా కిరణాలను వెలువరిస్తాయి, అవి దేహాన్ని దాటి రాగలవు.

మార్ట్‌లాండ్ ఈ రెండు దారులనూ వాడుకున్నారు. బడి ప్రయోగశాలలో మనం చూసిన విద్యుద్దర్శినిని గుర్తు చేసుకోండి: ఆవేశం ఇస్తే రేకులు విచ్చుకుంటాయి, రేడియోధార్మిక కిరణాలు తాకి చుట్టూ ఉన్న గాలి అయనీకరణం చెందితే, అంటే విద్యుత్తును మోయగలిగేదిగా మారితే, ఆవేశం జారిపోయి అవి మెల్లగా దగ్గరవుతాయి. మామూలు గాలిలో రేకు వాలే వేగాన్ని ముందుగా కొలిచి, తరువాత పరీక్షించే వ్యక్తి ఊపిరితో పోల్చాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పని గదిలో పీల్చిన రాడాన్, జుట్టుకు, బట్టలకు అంటిన రంగు ధూళి కూడా కొలతను పెంచుతాయి. అందుకే తరువాతి కాలంలో భౌతికశాస్త్రవేత్త రాబ్లీ ఎవాన్స్ రాడాన్ లేని గాలిని ముందుగా పీల్పించి, ఊపిరితిత్తులను శుభ్రపరచిన మీదటే నమూనా తీసుకున్నారు.

జవాబు 2:
రక్తపరీక్ష గురించి ఒక మాట. రక్తకణాలు తగ్గడానికి కారణాలు అనేకం, పైగా ఆ తగ్గుదల కనిపించేసరికి రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జకు హాని జరిగిపోయి ఉంటుంది. శరీరం రేడియాన్ని కాల్షియంగా పొరబడి ఎముకలో భద్రపరుస్తుంది. అందువల్ల ముందుగా జబ్బును చూసినవారు దంతవైద్యులే. పన్ను పీకిన చోట పుండు మానకపోవడం, దవడ ఎముక పుచ్చిపోయి ముక్కలుగా ఊడిరావడం వారు చూశారు. థియోడర్ బ్లమ్ 1924లో దీనికి ‘రేడియం దవడ’ అని పేరు పెట్టారు. ఎక్స్‌రే కూడా అప్పటికే జరిగిన విధ్వంసాన్నే చూపేది. లక్షణాలకు ముందే నిజం చెప్పగలిగింది ఊపిరి, గామా పరీక్షలే.

నన్ను బాధించేది మరొకటి. ఇల్లినాయిస్‌లోని ఒటావా పట్టణంలో డయల్స్ దిద్దిన యువతులకు యాజమాన్యం పరీక్షలు చేయించింది, కానీ ఫలితాలను వారికి చెప్పలేదు. మింగిన రేడియంలో అయిదింట నాలుగు వంతులు మలంతో వెళ్లిపోతుంది, రక్తంలో చేరిన మిగతా భాగమే ఎముకకు ముప్పు. ఫలితం తెలిసిన రోజునే ఆ పని మానిపించి ఉంటే, ఆ తరువాత ఎముకలో మరింత రేడియం చేరి ఉండేది కాదు. చేరినదానిని వెలికితీసే మందు అప్పుడు లేదు, రేడియం అర్ధాయువేమో 1600 సంవత్సరాలు. కాబట్టి ముందుగా తెలియజేయడమే ఆనాడు సాధ్యమైన వైద్యం, అది వారికి దక్కలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఊపిరిలో రాడాన్ లేకపోతే ఆ వ్యక్తి సురక్షితమని అనుకోవచ్చా?

జవాబు 1:
అనుకోకూడదు. కొన్ని రంగుల్లో మెసోథోరియం, అనగా రేడియం-228, కూడా కలిసేది. అది క్షయమవుతూ పోయే వరుసలో పుట్టే థోరాన్ (రాడాన్‌కే మరో రూపమైన వాయువు) అర్ధాయువు ఒక నిమిషం లోపే, కనుక ఎముక నుండి ఊపిరి దాకా రాకముందే చాలావరకు నశిస్తుంది. అటువంటివారి విషయంలో గామా కొలతే ఆధారం. 1941లో అమెరికాలో శరీరంలో ఉండదగిన రేడియానికి 0.1 మైక్రోగ్రాము పరిమితి నిర్ణయించారు. ఆ స్థాయిని పట్టుకోవాలంటే ఊపిరినీ, గామానూ రెండింటినీ కొలిచి, కొంతకాలం తరువాత మళ్లీ కొలిచి పోల్చడం అవసరం.