అప్‌డేట్: ఎర్ర సుద్దతో గండికోట, దూరం కుదిరింది

గండికోట లోయను ఎర్ర సుద్దతో గీస్తే అవతలి గట్టు కూడా మీద పడుతున్నట్టే కనిపిస్తోంది, దూరం ఎలా చూపించాలని నెల కిందట అడిగాను. మొత్తానికి దారి దొరికింది.

తప్పు నా చేతి బరువులోనే ఉంది. ఎర్ర సుద్ద అంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన మట్టి, మన జేగురు లాంటిదే. గట్టిగా నొక్కితే కాగితాన్ని పట్టేసి రబ్బరుకు సరిగ్గా లొంగదు. నేనేమో ముందు ముదురుగా గీసి, తర్వాత చెరిపి పలచన చేద్దామనుకునేవాణ్ణి! ఈసారి గరుకు కాగితం తీసుకుని, అవతలి గట్టుకు సుద్దను పక్కకు వాల్చి తాకీ తాకనట్టు రుద్దాను. ఇవతలి బండల పగుళ్లకు మాత్రం మొన చెక్కి, కొద్దిగా తడిపి గీశాను. తడిపితే రంగు భలే చిక్కబడుతుంది. పెన్నా నీటికి కాగితం తెలుపునే వదిలేశాను.

ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ 1760లో ఇటలీలోని తివోలిలో ఎర్ర సుద్దతో గీసిన తోటల బొమ్మలు చూడమన్నవారికి థాంక్స్. ఒక్క రంగుతో ఆ చెట్ల మీద అంత ఎండ ఎలా తెచ్చాడో!

ఆకులు నాకింకా కుదరలేదు. పైగా అరచేయి తగిలి ఒక మూల అలికిపోయింది. ఇకపై చేతి కింద బటర్ పేపర్ పెట్టుకుంటాను.