బాన్‌విల్ కారుకు రేడియేటరా, ఐస్ ట్యాంకా?

ఉప్పుబాట:
అమెరికాలో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో జరిగే స్పీడ్ వీక్ అనే వేగం రికార్డుల పోటీ కోసం మా టీమ్ ఒక స్ట్రీమ్‌లైనర్ (గాలి తేలిగ్గా జారిపోయేలా చేసిన పొడవాటి కారు) కడుతోంది. పెట్రోల్ వీ8, సుమారు 800 హార్స్‌పవర్, లక్ష్యం గంటకు 300 మైళ్లు. ఇంజన్ కూలింగ్ దగ్గర టీమ్‌లో మాట కుదరడం లేదు. నా పట్టు ఒకటే: గాలితో చల్లబరిచే రేడియేటర్ వద్దు, ఇంజన్ వేడిని పీల్చుకునే ఐస్ నీళ్ల ట్యాంకు పెడదాం. 5 మైళ్ల ట్రాక్‌లో ఇంజన్ పూర్తి లోడ్ మీద ఉండేది ఒకటిన్నర నిమిషం. ఆ కాసేపటి కోసం కారు ముక్కుకు కన్నం పెట్టడం దేనికి? 1938లో రికార్డుల డ్రైవర్ జార్జ్ ఐస్టన్ తన థండర్‌బోల్ట్ కారులో రేడియేటర్ తీసేసి, ముక్కు మూసేసి, ఐస్ ట్యాంకుతో ఇక్కడే 357.5 మైళ్లు కొట్టాడు. మరో రికార్డుల డ్రైవర్ జాన్ కాబ్ రెయిల్టన్ కారులోనూ ఐస్ ట్యాంకే, 1947లో 394 మైళ్లు.

చెన్నై_కూలింగ్:
అన్నా, నేను ట్రక్కుల రేడియేటర్ల డిజైన్‌లో పనిచేస్తాను. గాలిని లోపలికి రానిస్తే చాలు డ్రాగ్ (కారును వెనక్కి లాగే గాలి నిరోధం) పెరిగిపోతుందన్నట్టు రాశారు. డక్ట్ (గాలి వెళ్లే గొట్టం) సరిగ్గా చేస్తే అలా జరగదు. ముందు సన్నటి నోరు, లోపలికి వెళ్లేకొద్దీ వెడల్పు. గాలి నెమ్మదిస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, రేడియేటర్ కోర్‌లో వేడెక్కి వెనక ఇరుకు దారిలో మళ్లీ వేగం అందుకుంటుంది. పీ-51 మస్టాంగ్ విమానం పొట్ట కింద ఉన్నది ఇదే. పోయిన డ్రాగ్‌లో చాలా భాగం తిరిగొస్తుంది. ఇంకో రికార్డుల డ్రైవర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ 1935లో 301 మైళ్లు దాటింది కూడా రేడియేటర్‌తోనే, కాకపోతే కొలిచే మైలులో మూసుకోవడానికి షట్టర్ పెట్టుకున్నాడు. పైగా మీ ట్యాంకు ఒక్క రన్‌కే. లైన్‌లో నిలబడి స్టార్ట్ చేశాక ఏదో కారణంతో రన్ ఆపేశారనుకోండి, అప్పుడు?

ఉప్పుబాట:
షట్టర్ సంగతి మీరే చెప్పారుగా తమ్ముడూ. కీలకమైన మైలులో ఆయన కూడా గాలిని ఆపాలనే చూశాడు. మస్టాంగ్‌లో డక్ట్‌కు బోలెడంత పొడవు దొరికింది. మా కారులో డ్రైవర్ భుజాలకే చోటు వెతుక్కుంటున్నాం. ఇంకోటి, ఉప్పు. పాత కూపే ఒకదాని రేడియేటర్ విప్పుతుంటే దగ్గరుండి చూశాను. టైర్లు ఎగజిమ్మిన తడి ఉప్పు ఫిన్ల (రేడియేటర్‌లోని పలచటి రేకుల) మధ్య పెచ్చు కట్టి, కింది భాగంలో వెలుతురు కూడా అటునుంచి ఇటు రావడం లేదు. వేడికి ఎండిపోయి రాయిలా తయారైంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఉప్పుతో పాటు ఫిన్లు కూడా వంగిపోయాయి.

డ్రాగ్ లెక్క కూడా చూడండి. 300 మైళ్ల వేగంలో, అక్కడి పలచటి గాలిలో, డ్రాగ్ ఏరియా (గాలి నిరోధాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) 100 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేయంత, పెరిగితే దాదాపు 16 హార్స్‌పవర్ గాలికే పోతుంది.

థర్మో_వరంగల్:
ట్యాంకు సైజు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను వేస్తున్నాను. 800 హార్స్‌పవర్ అంటే 600 కిలోవాట్లు. నీళ్లలోకి వెళ్లే వేడి అందులో సగం అనుకుందాం, 300 కిలోవాట్లు. 90 సెకన్లకు 27 మెగాజౌళ్లు. 30 డిగ్రీల మామూలు నీళ్లు 90కి చేరేదాకా వాడుకుంటే 108 కిలోలు కావాలి. సగం ఐస్, సగం నీళ్లయితే 50 కిలోలు చాలు, ఎందుకంటే కిలో ఐస్ కరగడానికే 334 కిలోజౌళ్లు మింగుతుంది. ఉప్పు మీద గ్రిప్ కోసం ఎలాగూ బరువు వేసుకుంటారు కాబట్టి ఈ బరువు నష్టం కాదు. లోపల అడ్డపలకలు మాత్రం తప్పనిసరి, లేకపోతే నీళ్లు ఊగి కారు బ్యాలెన్స్ మారుతుంది.

నన్ను భయపెడుతున్నది వేరే. సున్నా డిగ్రీల నీళ్లను తిన్నగా వేడి బ్లాక్‌లోకి పంపకండి. సిలిండర్ గోడలు ముడుచుకుంటాయి, లోపల పిస్టన్ వేడికి పెరిగి ఉంటుంది, పట్టేస్తుంది. ఇంజన్‌లో వేడి నీళ్లు వాటి దారిన తిరుగుతూ ఉండాలి, థర్మోస్టాట్ అడిగినప్పుడే ట్యాంకు నుంచి చల్లనీళ్లు కొద్దికొద్దిగా కలవాలి.

వెండోవర్_వాలంటీర్:
ఆవిరి గురించి ఆలోచించారా? ఆ మైదానం 4,200 అడుగుల ఎత్తులో ఉంది. మూత బిగించని ట్యాంకులో నీళ్లు 96 డిగ్రీలకే మరుగుతాయి. మీరు 90 దాకా తీసుకెళ్తామంటున్నారు, మిగిలేది ఆరు డిగ్రీలు! ట్యాంకు డ్రైవర్ వెనక ఉంటే మధ్యలో గట్టి గోడ కావాలి, వెంట్ పైపు కారు వెనక్కి తెరుచుకోవాలి. టైరు ముందు నీళ్లు పడినా ప్రమాదమే.

మళ్లీ రన్ సంగతి: స్పీడ్ వీక్‌లో క్వాలిఫై అయితే కారు ఇంపౌండ్‌కు (నిర్వాహకుల కాపలాలో ఉండే చోటుకు) వెళ్తుంది, రికార్డు రన్ మర్నాడు పొద్దున. ఐస్ నింపుకోవడానికి కావలసినంత టైముంది. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ) రికార్డుకైతే రెండు వైపులా గంటలోపే పరుగెత్తాలి, అక్కడ టెన్షన్ తప్పదు.

చెన్నై_కూలింగ్:
ఉప్పు పెచ్చు సంగతి ఒప్పుకుంటున్నాను, ట్రక్కుల్లో మాకు ఆ బాధ లేదు. కానీ 300 కిలోవాట్లన్నది ఊహే కదండీ? మిశ్రమం కాస్త లీన్ అయినా (గాలిలో పెట్రోల్ తగ్గినా), స్పార్క్ టైమింగ్ మారినా ఆ అంకె మారిపోతుంది. బాడీ మూసేముందు ఇంజన్‌ను డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) ఎక్కించి, ట్యాంకుతోనే 90 సెకన్లు ఫుల్ లోడ్ పెట్టండి. పది సెకన్లకోసారి ట్యాంకు ఉష్ణోగ్రత రాసుకోండి. 60వ సెకనుకే 80 దాటితే మీ ట్యాంకు చిన్నదన్నమాట. ఆ అంకెలు ఇక్కడ పెడితే, నా డక్ట్ డ్రాయింగ్ కూడా పెడతాను, పోల్చి చూద్దాం.