మార్కులు ఒక్కసారిగా పడిపోతే: చదువులో వెనకబాటా, ఇంట్లో దెబ్బలా?

చాక్‌పీస్:
హైదరాబాద్ బోరబండ వైపు ప్రాథమిక పాఠశాలలో 3వ తరగతి టీచర్ని. ఎఫ్‌ఏ-1లో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో మొదటిది) లెక్కలు బాగా చేసిన బాబు ఎఫ్‌ఏ-2కి స్థానమార్పిడి కూడికలే (పది దాటితే పక్క స్థానానికి కలిపేవి) తప్పుతున్నాడు. వాచకం గడగడా చదువుతాడు, ఏం చదివావంటే చెప్పలేడు. సోమవారాలు రాడు, వచ్చినా కడుపునొప్పి అంటాడు. ఇంట్లో కొడుతున్నారని అనుమానించవచ్చా? అనుమానమే అయితే మొదట ఏం చేయాలి?

రెండో గంట:
ఎన్ని మార్కులు తగ్గాయని కాదు మేడం, ఎలా తగ్గాయో చూడండి. డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది) అయితే ఒకటో తరగతి నుంచే అక్షరాల దగ్గర తడబాటు ఉంటుంది, మధ్యలో ఊడిపడదు. భయంలో ఉన్న పిల్లల ధ్యాసంతా ఎవరు వస్తున్నారు, ఎవరు అరుస్తున్నారు అన్న దాని మీదే ఉంటుంది. రెండు మూడు అంకెలు మనసులో పట్టుకుని తర్వాతి మెట్టుకు వెళ్లే శక్తి ముందు పోతుంది. అందుకే పద సమస్యలు, స్థానమార్పిడి కూలిపోతాయి. ఎక్కాలు మాత్రం వస్తాయి, అవి బట్టీ కదా. అది చూసి "వాడికి అన్నీ వచ్చు, బద్ధకం" అనేస్తాం.

కళ్లు, చెవులు, రక్తహీనత ముందు చూపించండి. ఇంట్లో చావు, ఇల్లు మారడం కూడా ఇలాగే కనిపిస్తాయి. ఆటలో దెబ్బలు మోకాళ్లకు, మోచేతులకు, నుదుటికి తగులుతాయి. వీపు, పిరుదులు, చెవి వెనక, బెల్టు ఆకారంలో వాతలు ఉంటే సంగతి వేరు. ఎవరైనా చెయ్యెత్తగానే తల దాచుకోవడమూ అంతే.

పాత రిజిస్టర్:
హాజరు పట్టీ ముందర పెట్టుకోండి. గైర్హాజరు ఏ వారం, దేని తర్వాత పడుతుందో తేదీలతో రాయండి. బాబు అన్న మాట అన్నట్టే రాయాలె. "తండ్రి హింసిస్తున్నాడు" అని కాదు, "నాన్న బెల్టు తీసిండు అన్నాడు" అని. "ఇదెట్ల అయింది?" అని ఒక్కసారి అడగండి. "నాన్న కొట్టిండా?" అనొద్దు, మాట మనమే అందించినట్టయితది. ఎవరికీ చెప్పనని మాటియ్యొద్దు. స్టాఫ్‌రూంలో చర్చ, వాట్సాప్‌ల ఫోటోలు అసలే వద్దు. తండ్రిని పిలిచి నిలదీస్తే ఆ రాత్రి దెబ్బలు రెట్టింపయితయి, రేపటి నుంచి పిల్లగాడు నోరు విప్పడు.

హెచ్‌ఎంకు చెప్పి 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, అప్పటికప్పుడు ప్రమాదముంటే 112. లైంగిక వేధింపు అనిపిస్తే మాత్రం ఆగొద్దు. పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 2012, సెక్షన్ 19 ప్రకారం అనుమానమున్నా పోలీసులకు చెప్పాలె, రుజువు చేసే బరువు మనది కాదు. చెప్పకుంటే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలె. నగరంల భరోసా కేంద్రం (బాధిత మహిళలకు, పిల్లలకు పోలీసు, వైద్య, న్యాయ సాయం ఒక్కచోటే అందే చోటు) ఉంది కాబట్టి పిల్లలను ఠాణాల చుట్టూ తిప్పే పని లేదు.

చాక్‌పీస్:
అర్థమైంది సార్. మరి ప్రోగ్రెస్ కార్డు ఇవ్వాలిగా, దానికే తన్నులు తింటాడేమో.

రెండో గంట:
అసలు గండం అదే. ఫ్లోరిడాలో 5-11 ఏళ్ల పిల్లల మీద జరిపిన అధ్యయనం 2018లో వచ్చింది. కార్డు శుక్రవారం ఇస్తే ఆ శనివారం నిర్ధారణ అయిన దెబ్బల కేసులు దాదాపు 4 రెట్లు. వారం మధ్యలో ఇస్తే ఆ పెరుగుదల లేదు. మనకు శనివారమూ బడి కాబట్టి శనివారం సాయంత్రం, పండుగ సెలవుల ముందు ఇవ్వకండి. సోమ, మంగళవారాల్లో ఇస్తే మర్నాడు పిల్లాడు మీ కళ్లముందుంటాడు. కార్డు మీద "శ్రద్ధ లేదు" అని రాయకండి, ఆ రెండు మాటలే ఇంట్లో బెత్తం. "కూడికల్లో స్థానమార్పిడి సాధన చేస్తున్నాం" చాలు.

తరగతిలో తలుపు కనిపించే చోట కూర్చోబెట్టండి, వెనక నుంచి భుజం తట్టకండి. లెక్కను వరుసకో మెట్టుగా కాగితం మీద విడగొట్టి ఇవ్వండి, మనసులో మోసే పని తగ్గుతుంది. పది నిమిషాలకు మించి ఒకే పని వద్దు.

పాత రిజిస్టర్:
కడుపునొప్పి అన్నప్పుడు ఇంటికి పంపకండి మేడం, బడిలోనే పడుకోబెట్టండి.